ముట్టింది నేను కాదు

కోదాడ,
11 నవంబర్ 2025, మంగళవారం

మహేశ్వర్‌కు,

ఆ శివయ్య నిన్నూ గీతనూ చల్లగా చూడాలని మొక్కుకుంటూ మీ అత్తమ్మ నాగరాణి రాస్తున్న సంగతులు.

ఫోన్ ఉండగా కాగితం ఎందుకని అనుకుంటావేమో. నిన్న నాలుగుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లు ఎత్తలేదు. నాలుగోసారి ఎత్తి "అత్తమ్మా, గట్టిగ మాట్లాడు, ఏం వినబడ్తలేదు, నేనే మల్ల జేస్త" అని పెట్టేశావు. మళ్లీ చేయలేదు. నా గొంతు సంగతి నీకు తెలియనిది కాదు. కోపం వస్తే అది ఇంకా సన్నబడుతుంది. కాగితానికి ఆ బాధ లేదు. పక్కింటి దస్రు రోజూ సూర్యాపేటకు పనికి పోయి వస్తాడు కదా, అతని చేతికి ఇస్తున్నాను. జవాబు కూడా అతని చేతికే ఇవ్వు. ఫోన్ చేస్తే ఎత్తను. ఫోన్‌లో అన్న మాట రేపు అనలేదంటే నేను దేన్ని తీసి చూపించాలి?

నిన్న కార్తీక సోమవారం. తెల్లవారి స్నానం, దీపం అయ్యాక ఎనిమిదిన్నరకు కాలేజీకి పోయాను. మూడేళ్ల కింద నువ్వు ఈ కంప్యూటర్ ల్యాబ్ ఏర్పాటు చేసి నాకు నేర్పిన పద్ధతిలోనే అన్నీ చేశాను. రాత్రింబవళ్లు నడిచే పెద్ద పెట్టెను, అదే సర్వర్‌ను, ముందు చూశాను. లైట్లన్నీ పచ్చగానే ఉన్నాయి. నా టేబుల్ మీది కంప్యూటర్‌లో పేజీ తెరిచి ముప్పై పేర్ల మీద వరుసగా స్టార్ట్ నొక్కాను. అవి చేత్తో పట్టుకునే మిషన్లు కావని, పెద్ద పెట్టె లోపల ఉన్నట్టుగా నడిచే వర్చువల్ మిషన్లని, వాటికి సొంత డిస్కు లేదు కాబట్టి లేవగానే వైరు మీదుగా చిన్న పెట్టెను అడిగి సిస్టమ్ తెచ్చుకుంటాయని నువ్వే చెప్పావు. "పొద్దుగాల లేవంగనే పాలప్యాకెట్ కోసం దుకాణానికి పోయినట్టు, అత్తమ్మా" అన్నావు.

నిన్న ఒక్కటీ పోలేదు. ముప్పైకి ముప్పై. తెర మీద మొదటి బొమ్మ వస్తుంది, కాసేపు ఉంటుంది, తర్వాత నల్ల తెర మీద "షెల్" అనే మాట వచ్చి ఆగిపోతుంది. ఆడపిల్లలు ముప్పై మంది చేతులు కట్టుకుని కూర్చున్నారు. వాళ్ల ప్రాక్టికల్ పరీక్ష ఇరవై నాలుగున.

కరస్పాండెంట్ బద్రీనాథ్ సార్ రైస్ మిల్లు నుంచి నేరుగా వచ్చాడు. చొక్కా మీది ఊక కూడా దులుపుకోలేదు.

"ఏం ముట్టుకున్నావు నాగరాణీ?"

"ఏం ముట్టలే సార్. రోజు జేసినట్టే జేసిన."

"మరి మిర్యాలగూడ బ్రాంచిలో ఇవే పెట్టెలు, ఇవే మిషన్లు నిక్షేపంగా నడుస్తున్నాయే. అక్కడ లేని రోగం ఇక్కడికి ఎట్లా వచ్చింది? అక్కడ లేనిది ఇక్కడ ఉన్నది నువ్వొక్కదానివేగా?"

స్టాఫ్ అంతా ఉన్నారు, పిల్లలున్నారు. ల్యాబ్ తాళాలు నా చేతిలో నుంచి తీసి కంప్యూటర్ లెక్చరర్ సాయికుమార్ సార్‌కు ఇచ్చాడు. నన్ను లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు అంటించే చోట కూర్చోబెట్టాడు. ల్యాబ్‌లోకి పోవాలంటే సాయికుమార్ సార్ పక్కన నిలబడి చూస్తుండాలట. బయటి నుంచి ఏదైనా వైరస్ వచ్చిందేమోనని పెద్ద పెట్టెకున్న ఇంటర్నెట్ వైరు కూడా పీకించాడు. కాబట్టి నువ్వు సూర్యాపేటలో కూర్చుని చూడలేవు. వచ్చి చూడాలి, లేదా నాతో చూపించుకోవాలి.

నాకు ఒక్కటే కావాలి. ముట్టింది నేను కాదని, ఏ నలుగురి ముందు నన్ను అన్నారో ఆ నలుగురి ముందే తేలాలి. వెంటనే రా.

మీ అత్తమ్మ,
నాగరాణి


సూర్యాపేట,
12 నవంబర్

అత్తమ్మకు దండాలు.

నీ ఉత్తరం అందింది. నేను పెన్ను పట్టి రెండు వాక్యాల కంటే ఎక్కువ రాసి ఎన్నేళ్లయిందో. అక్షరాలు వంకర పోతే క్షమించు. దస్రన్న బయట నిలబడి "తొందరగ గీకు బావా, బస్సు బోతది" అంటున్నాడు.

రావడం కుదరదు అత్తమ్మా. దవాఖానలో కంప్యూటర్ల పనికి నేనొక్కడినే. ఈ నెలే కొత్త బిల్లింగ్ పెట్టారు, రోజూ ఒక గొడవ. సెలవు అడిగితే మేనేజర్ మొహం చూడాలి.

విషయం చిన్నదే. పరేషాన్ కాకు. మిషన్ లేవగానే వైరు మీద అడుగుతుంది. జవాబు రాకపోతే విసిగి షెల్‌లో, అంటే ఖాళీ కమాండ్ తెరలో, పడిపోతుంది. అంటే జవాబు రావడం లేదు. నూటికి తొంభై వైరే కారణం. చిన్న పెట్టె వెనక వైరు గట్టిగా ఉందా, దాని లైటు మినుకుతోందా చూడు. ఊడ్చేటప్పుడు చీపురు తగిలి ఊడి ఉండొచ్చు.

ఇంకొక్క మాట, కోపం చేసుకోకు. సోమవారం నువ్వు ఒక్కపొద్దు. పొద్దటి నుంచి మంచినీళ్లు కూడా తాగవు. కళ్లు తిరిగి ఏదైనా నొక్కావేమో గుర్తు చేసుకో. పెట్టె మీద దీపం గానీ, తడిచెయ్యి గానీ పెట్టావా? తప్పని కాదు, మనుషులమన్నాక అవుతుంటాయి. చెబితే తొందరగా తేలిపోతుంది.

బద్రీనాథ్ సార్ నిన్న ఫోన్ చేశారు. చూస్తున్నామని చెప్పాను.

గీతకు ఏడో నెల. నీ ఉసిరి తొక్కు కావాలని ఒకటే గోల.

నీ మహేశ్


కోదాడ,
13 నవంబర్, గురువారం

మహేశ్వర్‌కు నాగరాణి రాస్తున్నది.

నువ్వు బద్రీనాథ్ సార్‌తో "చూస్తున్నాం" అన్నది ఒక్కటేనా?

ఈ రోజు స్టాఫ్ రూమ్‌లో అందరూ టీ తాగుతుంటే ఆయన నా వైపు తిరిగి "మీ మేనల్లుడే అన్నాడమ్మా, ఉపవాసంలో చెయ్యి జారి ఉంటుందని. వయసు మీద పడుతుంటే ఇట్లాంటివి పెట్టుకోకూడదు" అన్నాడు. ఇద్దరు మేడమ్‌లు నవ్వారు. నేను గిన్నెలో జిగురు కలుపుతున్నాను. కలుపుతూనే ఉన్నాను.

నువ్వు ఇంటర్ చదివిన రెండేళ్లు నా ఇంట్లో ఉన్నావు. ఆ రెండేళ్లలో ఎన్ని సోమవారాలు, ఎన్ని శనివారాలు, ఎన్ని ఏకాదశులు వచ్చాయో లెక్కపెట్టుకో. ఒక్కపొద్దు ఉండి, రుచి కూడా చూడకుండా నీకు వండి పెట్టాను. ఒక్కనాడైనా కూరలో ఉప్పు మరిచానా? ఒక్కనాడైనా చెయ్యి జారి నీ కంచం కింద పడిందా? అప్పుడు తిరగని కళ్లు ఇప్పుడు తిరిగాయా?

నీ ప్రశ్నలకు జవాబు. వైరు గట్టిగానే ఉంది. లైటు మినుకుతోంది. దీపం ఇంట్లో తులసి దగ్గర పెడతాను, కాలేజీ పెట్టెల మీద పెట్టను. నాకు ఆ మాత్రం తెలుసు. సాయికుమార్ సార్ మూలనున్న పాత కంప్యూటర్ ఒకటి తెచ్చి అదే వైరుకు తగిలించాడు. అది చిన్న పెట్టె నుంచి సిస్టమ్ తెచ్చుకుని చక్కగా లేచింది. అంటే చిన్న పెట్టె బాగుంది, వైరు బాగుంది. అడిగితే ఇస్తోంది.

ఇంకొకటి గమనించాను. తొమ్మిదేళ్లుగా రామకోటి రాస్తున్నాను. పేజీలో ఒక్క నామం తప్పిపోయినా కన్ను అక్కడే ఆగుతుంది. ఇంతకుముందు బొమ్మ పోగానే నల్ల తెర మీద ఒక లైను వచ్చేది. స్టార్ట్ అని మొదలై, మధ్యలో పీఎక్స్ఈ అనే అక్షరాలుండి, చివర చుక్కలు పడుతుండేవి. ఇప్పుడు ఆ లైను రావడం లేదు. పదకొండు మిషన్లు వేసి చూశాను. ఒక్కదానిలోనూ రాలేదు. దీనికి జవాబు రాయి.

చిలుకూరులో మంద దగ్గరే ఉండే మీ మామ గొర్రెల మందులు కొనడానికి వచ్చాడు. సంగతంతా విని "గొర్రె తప్పిపోతే కాపరిని గుంజి అడుగుతరు గని, దొడ్డి తడిక తెరిసినోన్ని ఎవడు అడుగుతడే?" అన్నాడు.

గీతకు ఉసిరి తొక్కు పంపుతున్నాను. అది గీతకు. నీకు కాదు.

నాగరాణి


సూర్యాపేట,
14 నవంబర్

అత్తమ్మా,

తొక్కు అందింది. గీత నాకు నిజంగానే పెట్టలేదు, నీ ఉత్తరం చదివి సీసా బీరువాలో దాచింది.

నేను సార్‌తో "అయి ఉండొచ్చు" అన్నాను. "అయింది" అనలేదు. ఆయన దాన్ని పెంచి చెబితే నేనేం చేయను? ఫోన్‌లో ఆయన అడిగే తీరు నీకు తెలియదు. మన దగ్గర జవాబు లేకపోయినా ఏదో ఒకటి చెప్పేదాకా వదలడు.

పాత కంప్యూటర్ లేచిందన్నావు. దాంతో తేలదు. పాతవాటి ఫర్మ్‌వేర్ వేరు, మన వర్చువల్ మిషన్లకు పెట్టింది కొత్త రకం. ఫర్మ్‌వేర్ అంటే మిషన్ కళ్లు తెరవగానే మొదట నడిచే ప్రోగ్రామ్. పాతది ఒక ఫైలు తీసుకుంటుంది, కొత్తది ఇంకో ఫైలు తీసుకుంటుంది. చిన్న పెట్టెలో ఆ రెండో ఫైలు పోయి ఉండొచ్చు. లేదా సెక్యూర్ బూట్ అని ఒకటి ఉంటుంది. అది ఆన్ అయి ఉంటే ముద్ర లేని ఫైలును లోపలికి రానీయదు. కాబట్టి రెండు పనులు చెయ్యి. సాయికుమార్ సార్‌తో చిన్న పెట్టెలో రెండు ఫైళ్లు ఉన్నాయో లేదో చూపించు. బొమ్మ ఉన్నప్పుడు ఎస్కేప్ నొక్కితే ఒక పేజీ వస్తుంది, అందులో సెక్యూర్ బూట్ ఎలా ఉందో చూసి రాయి.

ఆ లైను సంగతి పక్కన పెట్టు. అది రెప్పపాటులో వచ్చి పోతుంది, నువ్వు చూసి ఉండవు.

ఇక్కడ నా తల తినేస్తున్నారు. కొంచెం ఓపిక పట్టు.

మహేశ్


కోదాడ,
17 నవంబర్, సోమవారం

మహేశ్వర్,

ఈ రోజు చివరి కార్తీక సోమవారం. నేను ఒక్కపొద్దు. చేతులు వణకడం లేదు, కళ్లు తిరగడం లేదు. ప్రతి అక్షరం చూసి రాస్తున్నాను. నువ్వూ చూసి చదువు.

నువ్వు చెప్పిన రెండూ శనివారం పొద్దున్నే చేశాను. ఫైళ్లు రెండూ ఉన్నాయి. సెక్యూర్ బూట్ ఆఫ్‌లోనే ఉంది. ఎస్కేప్ నొక్కితే వచ్చిన పేజీలో ఉన్నదంతా కాగితం మీద ఎక్కించుకున్నాను.

ఆ కాగితం తీసుకుని అదే రోజు మిర్యాలగూడ పోయాను. సగం రోజు సెలవు పెట్టి పోయాను, ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు. హుజూర్‌నగర్ దాటినప్పటి నుంచి రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోశారు. బస్సు నడిచి పోయినట్టే పోయింది. సీటు దొరకలేదు. నిలబడి పోయాను. అక్కడి ల్యాబ్ చూసుకునే ఇంద్రజ నన్ను చూసి "గిదేంది వదినా, గింత దూరం ఒక్కదానివే వచ్చినవ్? మా సార్లు ఏమో నువ్వే ఏందో నొక్కినవని చెప్పుకుంటున్నరు" అంది. మాట మిర్యాలగూడ దాకా పోయింది, చూడు. బస్సు కంటే జోరుగా పోయింది.

ఇంద్రజ ఒక మిషన్ ఆపి, నా ముందే స్టార్ట్ నొక్కింది. బొమ్మ పోగానే ఆ లైను వచ్చింది. రెప్పపాటు కాదు, నేను ఒకటి నుంచి ఏడు దాకా లెక్కపెట్టాను. చుక్కలు పడ్డాయి, సిస్టమ్ వచ్చింది, లేచింది. అంటే చిన్న పెట్టెను అడిగే లైను అదే. నువ్వు మొదటి నుంచి "జవాబు రావడం లేదు, జవాబు రావడం లేదు" అంటున్నావు. కోదాడ మిషన్లు అసలు అడగడమే లేదు. అడగనివాడికి జవాబు ఎక్కడి నుంచి వస్తుంది? నాలుగు రోజుల కింద రాశాను. పక్కన పెట్టమన్నావు.

తర్వాత అక్కడ కూడా ఎస్కేప్ నొక్కించి, నా కాగితం పక్కన పెట్టుకుని లైను తర్వాత లైను చూశాను. అన్నీ ఒక్కటే. ఒక్కటి తప్ప. పైన ఉండే నంబర్. మిర్యాలగూడలో 2022తో మొదలైంది. కోదాడలో 2025తో మొదలైంది. రెండు ల్యాబ్‌లూ ఒకే నెలలో నువ్వే పెట్టావు. మాది మాత్రం కొత్తదెట్లా అయింది? నేను ఊడ్చితే అయిందా?

ఇంకా ఉంది. ఆ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక పట్టీ ఉంటుంది. మూడేళ్లుగా నా కళ్ల ముందే ఉన్నా ఎన్నడూ చదవలేదు. ఇంద్రజ చూపించింది. "గీడ సూడు వదినా, ఎవ్వరు ఏం జేసినా పేరు, టైము వడ్తది." తిరిగి వచ్చి ఈ రోజు పొద్దున మన దాంట్లో చూశాను. సోమవారం పదో తారీఖు ఎనిమిది నలభైకి నా పేరు ఉంది, స్టార్ట్, ముప్పైసార్లు. దాని కింద, ఆదివారం తొమ్మిదో తారీఖు సాయంత్రం ఐదు యాభై రెండుకు అప్‌డేట్, ఆరు పదికి పెట్టె మొత్తం రీస్టార్ట్. రెండింటి పక్కనా ఉన్నది నీ పేరు.

సాయికుమార్ సార్ పక్కనే ఉన్నాడు, కానీ ఫోన్ చూసుకుంటున్నాడు. నేను పేజీ మూసేశాను.

నీకు మొదటి ఉత్తరం అందిన రోజే తెలుసు కదా? తెలిసే నా ఉపవాసం మీద పెట్టావు కదా? తెలిసే వైరు చూడు, ఫైలు చూడు అని తిప్పావు కదా? శివుడి పేరు మీద నేను ఉన్న ఒక్కపొద్దును తీసుకుపోయి నీ తప్పు మీద గుడ్డలా కప్పావు.

దీనికి మాత్రం "అయి ఉండొచ్చు" అని రాయకు.

నాగరాణి


సూర్యాపేట,
18 నవంబర్

అత్తమ్మా,

అవును.

ఆదివారం ఇంట్లోనే ఉన్నాను. సెక్యూరిటీ అప్‌డేట్లు చాలా పేరుకుపోయాయి, ఇక్కడి నుంచే చేసేశాను. పెట్టె తిరిగి లేచింది, అంతా పచ్చగా ఉంది. ఆదివారం కాబట్టి లోపలి మిషన్లు ఆపి ఉన్నాయి. ఒక్కటైనా వేసి చూడాల్సింది. చూడలేదు. గీతను దవాఖానలో చూపించాలి, ఆ తొందరలో లేచిపోయాను. సోమవారం నువ్వు స్టార్ట్ నొక్కినప్పుడే కొత్త ఫర్మ్‌వేర్ మొదటిసారి నడిచింది. అందుకే నీ చేతిలో ఆగినట్టు కనబడింది.

ఉత్తరం అందగానే అనుమానం వచ్చింది. రూఢిగా తెలియదు. వైరే అయి ఉండాలని దేవుడికి మొక్కుకుంటూ నిన్ను వైరు చూడమన్నాను. సార్ సూర్యాపేటలో ఇంకో బ్రాంచి తెరుస్తున్నారు. ఆ ల్యాబ్ నాకే అప్పజెబుతానన్నారు. చెప్పకుండా అప్‌డేట్ చేశానని తెలిస్తే అది పోతుంది. అందుకే రాలేదు. వస్తే ఆ పట్టీ తెరిచి చూస్తారని భయం.

నువ్వు రాసిన ఆ ఫర్మ్‌వేర్ నంబర్ చూశాకే అసలు కారణం దొరికింది. మామా, వాళ్ల తమ్ముడూ చిలుకూరులో మంద పంచుకున్న రోజు నీకు గుర్తుందా? రెండు దొడ్లలో గొర్రెలు నింపి, చీటీలు రాసి చెంబులో వేశారు. ఏ చీటీ వస్తుందో ఎవరికీ ముందు తెలియకూడదు. తెలిస్తే మోసం చేయొచ్చు. ఈ కొత్త ఫర్మ్‌వేర్‌ది అదే పట్టుదల. వైరు మీదకు పోయి సిస్టమ్ అడిగే ముందు, ఎవరూ ఊహించలేని ఒక అంకె చీటీ తీసుకుని పోవాలి. లేకపోతే మధ్యలో ఎవడైనా దొంగ జవాబు ఇవ్వొచ్చు. పాత ఫర్మ్‌వేర్ చీటీ లేకుండానే పోయేది. కొత్తది పోదు. మన మిషన్లు వట్టి వర్చువల్‌వి, వాటి దగ్గర చెంబే లేదు. చెంబు లేదు కాబట్టి చీటీ లేదు, చీటీ లేదు కాబట్టి అడగడం లేదు. ఎందుకు అడగడం లేదో కూడా చెప్పదు, ఊరికే కూర్చుంటుంది. నువ్వన్నదే నిజం. అవి అడగనేలేదు.

బాగుచేయడం తేలిక. మిషన్ ఆపి, దాని పేరు మీద నొక్కి, హార్డ్‌వేర్‌లోకి పోయి, యాడ్ నొక్కితే ఒక పట్టీ వస్తుంది. అందులో చివర ఆర్‌ఎన్‌జీ అని ఉన్నదాన్ని చేర్చు. అదే ఆ చెంబు. తర్వాత స్టార్ట్. ముప్పైకీ విడివిడిగా చేయాలి.

ఒక్క సాయం చెయ్యి అత్తమ్మా. నా పేరు ఎత్తకు. మిషన్లు లేచాయంటే ఈ సంగతి అందరూ మరిచిపోతారు. వారం తిరిగితే ఎవరికీ గుర్తుండదు. కాళ్లు పట్టుకుంటాను.

మహేశ్


కోదాడ,
20 నవంబర్, గురువారం

మహేశ్వర్,

నిన్న చేశాను. సాయికుమార్ సార్ పక్కన నిలబడ్డాడు. మొదటి మిషన్‌కు నువ్వు చెప్పింది చేర్చి స్టార్ట్ నొక్కాను. బొమ్మ పోయింది. లైను వచ్చింది. చుక్కలు పడ్డాయి. లేచింది. నాకు ఏడుపు వచ్చింది, కానీ ఏడవలేదు. తక్కిన ఇరవై తొమ్మిదికీ వరుసగా చేశాను. మధ్యాహ్నానికి అన్నీ లేచాయి. నీ కోసం చేయలేదు. ఆ పిల్లలకు సోమవారం పరీక్ష ఉంది.

ఇప్పుడు విను, నువ్వు "మరిచిపోతారు" అన్నదానికి ఏమైందో.

బద్రీనాథ్ సార్ వచ్చి ముప్పై తెరలూ చూశాడు. "ఎవరు బాగుచేశారు?" అన్నాడు. సాయికుమార్ సార్ నా వైపు చూపించాడు. సార్ తల ఊపాడు.

"అదీ సంగతి. ఎక్కడ చెడగొట్టిందో తెలుసు కాబట్టే ఎక్కడ బాగుచేయాలో తెలిసింది. ఆ ముక్క మొదటి రోజే ఒప్పుకుంటే పిల్లలకు పది రోజులు మిగిలేవి కదమ్మా!"

తాళాలు ఇవ్వలేదు. చెడిపోయినప్పుడు అనుమానమే ఉండేది. బాగుచేశాక అది రుజువైపోయింది. నేను నోరు తెరిచి ఒక్క మాట, "సార్, గా పట్టీ సూడుండ్రి" అంటే అయిపోయేది. అనలేదు. నీ మీద ప్రేమతో అనుకోకు. నేను చూపిస్తే, మేనల్లుడి మీదకు నెట్టి తప్పించుకుంది అంటారు. నా మాట మళ్లీ నా మాటగానే మిగులుతుంది. అది నీ నోటి నుంచి రావాలి.

మంద పంచుకున్న రోజు గురించి నాకే గుర్తుచేశావు. చెంబులో చెయ్యి పెట్టింది ఎవరో రాయలేదేం? నువ్వే. ఆరేళ్లవాడివి. నా అన్న కొడుకువి, అంటే మా వైపు వాడివి. అయినా మా మరిది "గా పోరడు దీస్తే నాకేం పేచీ లేదు, వాని చెయ్యి అబద్ధమాడది" అన్నాడు. మంచి గొర్రెలున్న దొడ్డి ఆయనకే పోయింది. మీ మామ తన వాటా తోలుకుని వచ్చేశాడు. ఆ చెయ్యి ఏమైంది మహేశ్వర్? కొత్త బ్రాంచి కోసం ఎక్కడ పారేసుకున్నావు?

కార్తీకం ఈ రోజుతో అయిపోయింది. నెలంతా దీపం పెట్టి, ఎవరినీ పరుషంగా అనకూడదని మొక్కుకున్నాను. ఆ మొక్కు నీ వల్ల చెడింది. ఈ ఉత్తరాలన్నీ దానికి సాక్ష్యం.

సోమవారం తొమ్మిదింటికి, పరీక్ష మొదలయ్యే ముందు స్టాఫ్ అంతా ఒకచోట ఉంటారు. నువ్వు వచ్చి చెప్పాలి. రాకపోతే నేను ఆ ల్యాబ్‌లోనే కాదు, ఆ కాలేజీలోనే ఉండను. రాజీనామా కాగితం రాసి పెట్టుకున్నాను. చేయని తప్పుకు తలవంచుకుని పుస్తకాలు అంటించలేను.

నాగరాణి


సూర్యాపేట,
22 నవంబర్

అత్తమ్మా,

గీతకు నీ ఉత్తరాలన్నీ చూపించాను. రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు.

సోమవారం మొదటి బస్సుకు వస్తాను.

మహేశ్


కోదాడ,
25 నవంబర్, మంగళవారం

మహేశ్వర్‌కు,

నిన్న నువ్వు బస్సుకు టైమైందని ఉరికావు. తర్వాత ఏం జరిగిందో నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

నువ్వు చెప్పావు. కాదనను. "అప్‌డేట్ జేసింది నేను, చెప్పకుండ జేసిన, సరిగ్గ సూస్కోలే. మా అత్తమ్మ ఏం ముట్టలే" అన్నావు. మధ్యలో ఆపకుండా పూర్తిగా అన్నావు. నాకు కడుపు నిండింది. ఆ నిండడం ఎంతసేపు ఉందో చెప్పనా? బద్రీనాథ్ సార్ లేచి నీ భుజం తట్టేదాకా.

"పోనీలే అబ్బాయ్, పని చేసేవాడికేగా పొరపాట్లు! వీళ్లకు టీ చెప్పండయ్యా."

నువ్వు నవ్వావు. తప్పించుకున్నవాడి నవ్వు. నేను చూశాను.

పద్నాలుగు రోజులు అది నేను చేసిన పని అనుకున్నంతసేపు దానికి శిక్ష ఉంది. నువ్వు చేసిందని తెలిసిన నిమిషంలో దానికి టీ వచ్చింది. అదే పని. అవే ముప్పై మిషన్లు. నేను చేస్తే వయసు, ఉపవాసం, దొంగతనంగా దాచడం. నువ్వు చేస్తే పొరపాటు. సూర్యాపేట బ్రాంచి కూడా నీకే ఇస్తాడు చూడు.

నువ్వు పోయాక అందరూ లేవబోయారు. నేను లేవలేదు.

"సార్, నన్ను అందరి ముందట అన్నరు. గిప్పుడు గూడ అందరి ముందటనే అనుండ్రి" అన్నాను.

"ఏంటమ్మా? గట్టిగా చెప్పు, వినపడట్లేదు."

మళ్లీ అంతే అన్నాను, అదే గొంతుతో. సాయికుమార్ సార్ పోయి ఫ్యాన్ ఆపేశాడు. మూడోసారి అన్నాను. సార్ గడియారం చూశాడు, కిటికీ చూశాడు, తర్వాత నన్ను చూశాడు. "నాగరాణి తప్పేం లేదు. తొందరపడి అన్నాను" అన్నాడు. ఆ రోజు నవ్విన ఇద్దరు మేడమ్‌లు కింది చూపులు చూశారు. సాయికుమార్ సార్ తాళాలు తెచ్చి నా ముందు బల్ల మీద పెడితే, "మీరు కాదు సార్, తీస్కున్నోళ్లే ఇయ్యాలె" అన్నాను. బద్రీనాథ్ సార్ వాటిని తీసి నా చేతిలో పెట్టాడు. ఆయన చెయ్యి చల్లగా ఉంది. నాకు ఎందుకో ఆయన మీద జాలి కూడా వేసింది, కానీ కొంచెమే.

పరీక్ష బాగా జరిగింది. ముప్పై మందికి ముప్పై మిషన్లు లేచాయి. మిర్యాలగూడ ఇంద్రజకు కూడా రాసి పంపాను, అక్కడ ముందు ఆ చెంబు చేర్చుకున్నాకే అప్‌డేట్ కానివ్వమని.

ఇంకొక పని చేశాను. పెద్ద పెట్టెలో నీ పేరు తీసేయించాను. ఇంటర్నెట్ వైరు తిరిగి పెట్టినా నువ్వు అక్కడి నుంచి లోపలికి రాలేవు. ఏదైనా మార్చాలంటే కోదాడ రావాలి, నా పక్కన కుర్చీలో కూర్చోవాలి, ఏం చేస్తున్నావో నాకు చెప్పి చేయాలి. చేశాక ఒక మిషన్ వేసి నాకు చూపించి లేవాలి. సాయికుమార్ సార్ "సొంత మేనల్లుడే కదమ్మా" అన్నాడు. "అందుకే సార్" అన్నాను.

గీతను తొమ్మిదో నెలలో ఇక్కడికి తీసుకురా, నేను చూసుకుంటాను. నువ్వూ రా. అన్నం పెడతాను. నీతో మాట్లాడటానికి మాత్రం నాకింకా కొన్ని రోజులు కావాలి.

మీ అత్తమ్మ,
నాగరాణి